మైకులో చేసిన ప్రార్థన

నేను ప్రార్థన బాగా చేస్తానని చిన్నప్పటి నుంచీ పేరు. గుంటూరు వైపు ఒక చిన్న సంఘానికి మా నాన్న పాస్టరు. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ చేతికిచ్చి, "మా అమ్మాయి ప్రార్థన చేస్తుంది" అనేవారు. నేను కళ్ళు మూసుకుని మొదలుపెడితే ఆ కాఫీ చల్లారిపోవలసిందే. పదేళ్ళకే నాకు ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో, ఏ మాట దగ్గర పెద్దవాళ్ళు "ఆమెన్" అంటారో తెలిసిపోయింది. అది వరమని అందరూ అన్నారు. నేనూ అదే అనుకున్నాను. అందులో సగం అలవాటేనని, మిగతా దాంట్లో కొంత గొప్ప చూపించుకోవడమని నలభై రెండేళ్ళు వచ్చాక గానీ తెలియలేదు. ఎలా తెలిసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ నలభై రెండో ఏట నేను పాస్టర్లను తయారుచేసే సెమినరీలో చేరాను. మాదాపూర్‌లో ఒక కంపెనీలో పదహారేళ్ళుగా టెస్టింగ్ చేస్తున్నాను. అంటే ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతికి, ఎంత పెద్ద తప్పో నిర్ణయించి, వాళ్ళ పేరు మీద నమోదు చేయడం. నోరు కాస్త దురుసు కాబట్టి ఆ పని నాకు బాగానే కుదిరింది. కానీ నాన్న పోయిన తర్వాత ఎందుకో, రోజంతా ఇతరుల తప్పులు రాసుకుంటూ ముసలిదాన్నైపోతానేమోనని భయం పట్టుకుంది. చందానగర్ దాటి లోపలికి వెళితే ఒక సెమినరీ ఉంది. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకి వారంలో రెండు సాయంత్రాలు, శనివారం రోజంతా తరగతులు. మూడేళ్ళ డిగ్రీని ఐదేళ్ళలో పూర్తి చేయవచ్చు. మా ఆయనతో అంటే, "తప్పులు పట్టడంలో నీకు ఆల్రెడీ డాక్టరేటు ఉంది కదా" అన్నాడు. దరఖాస్తు నింపింది మాత్రం ఆయనే.

అక్కడ నేను భయపడింది బైబిలు కోసం నేర్చుకోవలసిన గ్రీకు గురించి. గ్రీకు నన్నేమీ చేయలేదు. ప్రసంగం ఎలా చేయాలో నేర్పే పేపర్లో ఫస్టు వచ్చాను. నన్ను పట్టుకుని నేలకేసి కొట్టింది, అందరూ సులువని చెప్పిన పేపరు. మనుషుల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ కష్టంలో వాళ్ళ పక్కన కూర్చోవడం ఎలాగో నేర్పే తరగతి అది.

ఆ పాఠం చెప్పే మాస్టారు చిత్తూరు వైపు ఒక మిషన్ ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు రోగుల మంచాల పక్కన గడిపి వచ్చిన పెద్దాయన. చాలా నెమ్మదిగా మాట్లాడేవారు. అంత నెమ్మది నాకు పరీక్షగా ఉండేది, ఆయన వాక్యం పూర్తయ్యేలోపు నేను మనసులో రెండు మెయిళ్ళు రాసుకునేదాన్ని. ఆయన పద్ధతి ఒక్కటే. మేము ఎవరినైనా చూసి వస్తే, ఆ సంభాషణ మొత్తం గుర్తున్నంతవరకు మాటకు మాట రాయాలి. కాగితాన్ని నిలువుగా రెండు చేసి, ఒక పక్క వాళ్ళు అన్నది, ఇంకో పక్క మేమన్నది. పేర్లు, ఊర్లు రాయకూడదు. దాన్ని వర్బేటిమ్ అంటారు. తరగతిలో గుండ్రంగా కూర్చుంటాం. ఒకరు రోగి మాటలు, ఒకరు విద్యార్థి మాటలు పైకి చదువుతారు. రాసినవాళ్ళు నోరు మెదపకుండా వినాలి. మన మాటలు ఇంకొకరి నోట వింటుంటే ఎంత చండాలంగా ఉంటాయో అక్కడే మొదటిసారి విన్నాను. ఏడాదికి ఇలాంటివి ఆరు రాయాలి.

చదువుతో పాటు ప్రతి విద్యార్థినీ ఒక సంఘానికి అప్పగిస్తారు. నాకు వచ్చింది ఖాజాగూడలో ఒక చిన్న సంఘం. చెరువుకి కాస్త ఇవతల, మూడంతస్తుల ఇంట్లో మొదటి అంతస్తు కిరాయికి తీసుకుని హాలు చేశారు. నలభై యాభై మంది వస్తారు. అందులో సగం హాస్టళ్ళలో ఉండే సాఫ్ట్‌వేర్ పిల్లలు. పాస్టరు గారు నాకంటే పదేళ్ళు చిన్న. మంచివాడు, కష్టజీవి. మూడేళ్ళుగా ఆ సంఖ్య యాభై దాటడం లేదని లోపల దిగులు పడేవాడు.

ఆ ఇంటావిడ కింద వాటాలో ఒక్కతే ఉండేది. ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ ఊళ్ళోనే మెట్టిన మనిషి. ఒకప్పుడు చెరువు కింద వాళ్ళకి పొలాలుండేవి. భర్త పోయి ఎనిమిదేళ్ళు. మేమంతా ఓనరమ్మ అనేవాళ్ళం. "కింద నేను, నడుమ మీ దేవుడు, మీద సాఫ్ట్‌వేర్ పోరగాండ్లు. కిరాయి టైముకిచ్చేది మీ దేవుడొక్కడే" అని నవ్వేది. ఆమె ఇంట్లో ఎల్లమ్మ పటం, గడపకు పసుపు, మంగళవారం ఉపవాసం. మా పాటలంటే ఇష్టం. ఆదివారం వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, ప్రసంగం మొదలవగానే లేచి లోపలికి పోయేది. ఈ సంగతి పాస్టరు గారికి నేనెప్పుడూ చెప్పలేదు.

ఆరాధన అయ్యాక, హాలు సర్దేసి, నేను ఆమె దగ్గర పది నిమిషాలు కూర్చునేదాన్ని. మొదట వర్బేటిమ్ కోసమే కూర్చున్నాను. తర్వాత ఆమె కోసమే. ఆమె కూతురు పెళ్ళైన తొమ్మిదేళ్ళకి కడుపుతో ఉంది. ఏడో నెలలో పుట్టింటికి వచ్చింది. ఇద్దరు డాక్టర్లు, ముగ్గురు దేవుళ్ళు, రెండు దర్గాలు కలిసి ఇచ్చిన కడుపని ఓనరమ్మ చెప్పేది. పుట్టబోయే బిడ్డకి నలుగుపెట్టి నీళ్ళు పోయడానికి పెద్ద ఇత్తడి గంగాళం బయటికి తీయించి చింతపండుతో తోమి వాకిట్లో బోర్లించింది. నేను వెళ్ళినప్పుడల్లా దాన్ని ఒకసారి చేత్తో తట్టి చూపించేది.

ఒక ఆదివారం ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కూతురు లోపల పడుకుంది. నేను కూడా రెండు కాయలు తీసుకుని కూర్చున్నాను. ఆమె తల ఎత్తకుండా మామూలుగా అంది.

"రొమ్ముల గడ్డ లెక్క ఉన్నది బిడ్డా. మూడు నెలలాయె."

నేను చేతిలో కాయ పక్కన పెట్టాను. డాక్టరుకు చూపించారా అన్నాను. లేదంది. కూతురుకు చెప్పారా అన్నాను. అప్పుడు తలెత్తి చూసింది.

"దాని కాన్పు అయినంక నేనే చెప్త, నేనే పోత. ఇప్పుడు చెప్తె అది పరేషానైతది. తొమ్మిదేండ్లకు నిలిచింది. నీకెందుకు చెప్తున్ననంటే నువ్వు బైటిదానివి. మీ దేవునికి చెప్పు. ఇంకెవ్వరికి చెప్పకు."

అలాగేనండి అన్నాను. ఆలస్యం చేయడం మంచిది కాదని కూడా అన్నాను, ఒకే ఒక్కసారి. ఆమె మళ్ళీ చిక్కుడుకాయల్లో పడింది. ఒక పూట సెలవు పెట్టి, ఏదో ఒక సాకు చెప్పి, ఆమెను నేనే ఎవరికీ తెలియకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఉండవచ్చు. ఆ వారం నాకు ఆ ఆలోచన వచ్చింది కూడా. కానీ ఆఫీసులో కొత్త వెర్షన్ రిలీజు ఉంది. దేవునికి చెప్పమంది కదా, ఆ పని నాకు బాగా వచ్చు కదా అనుకున్నాను.

తర్వాతి ఆదివారం పాస్టరు గారు నన్ను విజ్ఞాపన ప్రార్థన చేయమన్నారు. పాటలకీ ప్రసంగానికీ మధ్య, అందరి కష్టాలనూ దేవుని ముందు పెట్టే ప్రార్థన అది. జనం మెట్ల మీద కూడా కూర్చుంటున్నారని ఆ నెలలోనే ఒక స్పీకర్ బాక్సు మెట్ల మలుపులో పెట్టించారు. నేనే దగ్గరుండి పెట్టించాను. దాని ముఖం కింది వాకిలి వైపు ఉంది.

కళ్ళు మూసుకున్నాను. ఉద్యోగాలు పోయినవాళ్ళ కోసం చేశాను, వీసా కోసం ఎదురుచూసేవాళ్ళ కోసం చేశాను. హాలంతా "అవును ప్రభువా" అంటోంది. ఆ "అవును ప్రభువా" అనేది ఉందే, అది వింటుంటే మాటలు వాటంతట అవే వస్తాయి. గొంతు తగ్గించాను. నాకు తెలుసు అది ఎక్కడ తగ్గించాలో. ఈ మెట్ల కిందే ఉన్న ఒక తల్లిని జ్ఞాపకం చేసుకో ప్రభువా అన్నాను. మూడు నెలలుగా రొమ్ములో గడ్డను మోస్తూ, కూతురు కాన్పు అయ్యేదాకా ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతున్న ఆ తల్లిని నీ చేతితో ముట్టు అన్నాను. పేరు చెప్పలేదు. ఆ తర్వాత వారమంతా నన్ను నేను సమర్థించుకోవడానికి ఆ ఒక్క మాటే పట్టుకుని వేలాడాను, పేరు చెప్పలేదు కదా అని. ఆ మెట్ల కింద ఇంకెంతమంది తల్లులున్నారు గనక.

ఆమెన్ అన్నాను. హాలు ఆమెన్ అంది. ఆ వెంటనే కింద వాకిట్లోంచి ఆమె కూతురు "అమ్మా" అని పిలవడం వినిపించింది. ఒక్కసారే పిలిచింది. తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు వేసిన చప్పుడు. కళ్ళు తెరిచాను. ముందు వరసలో ఎవరికీ ఏమీ తెలియలేదు, అందరూ నన్ను మెచ్చుకోలుగా చూస్తున్నారు. ప్రసంగం నలభై నిమిషాలు సాగింది. అందులో ఒక్క ముక్క నా చెవికెక్కలేదు.

కిందికి వెళ్ళాను. తలుపు తీయలేదు. గంగాళం మీద నీరెండ పడుతోంది. దాని పక్కన కాసేపు నిలబడి వచ్చేశాను.

సోమవారం కూతురే ఆమెను దవాఖానకు తీసుకెళ్ళింది. పరీక్షలు చేశారు, ముక్క తీసి పంపారు. గురువారానికి క్యాన్సర్ అని తేలింది. ఇంకా పాకలేదు, ఆపరేషన్ చేస్తే సరిపోవచ్చు, ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే చెప్పలేమన్నారట. శుక్రవారం కూతురి అత్తగారు పటాన్‌చెరు నుంచి కారు తీసుకుని వచ్చింది. జబ్బు మనిషి ఇంట్లో కాన్పు ఏమిటి, ఈమె మందులే ఈమెకు సరిపోతాయి, మా దగ్గరే చేసుకుంటాం అని కోడలిని తీసుకెళ్ళిపోయింది. ఆమె తప్పు మాట్లాడిందని కూడా అనలేను. తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన కాన్పు అలా ఓనరమ్మ చేతుల్లోంచి వెళ్ళిపోయింది. ఇదంతా పై అంతస్తు పిల్లలు చెబితే తెలిసింది నాకు.

మా సంఘంలో మాత్రం ఆ వారం వేరే కథ నడిచింది. బ్యాంకులో రిటైరైన ఒక పెద్దాయన సంఘం వాట్సాప్ గ్రూపులో పెద్ద సందేశం పెట్టారు. మన సిస్టర్‌కు ఆత్మ బయలుపరచింది, ఎవరికీ తెలియని రోగాన్ని ప్రార్థనలో పలికించింది, ఒక అన్యురాలి ప్రాణం దక్కింది అని. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. పాస్టరు గారు కూడా స్తోత్రం అని పెట్టారు. నేను దాన్ని ఆఫీసు క్యాంటీన్లో చదివాను. వెంటనే కాదని రాయలేదు. టీ తాగి, మళ్ళీ చదివాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, బాగుంది. నాన్న ఉంటే ఎంత సంతోషించేవారో అనిపించింది. రెండు రోజుల్లో నలుగురు ఆడవాళ్ళు ఫోన్లు చేశారు. ఒకావిడ తన కొడుకు అప్రైజల్ గురించి దేవుడు ఏమంటున్నాడో కనుక్కోమంది.

శనివారం తరగతిలో నా వర్బేటిమ్ వంతు. చిక్కుడుకాయల దగ్గర జరిగిన సంభాషణే రాసుకుని వెళ్ళాను, చివర ఆదివారం జరిగింది, దవాఖాన సంగతి, రెండు పేరాలు చేర్చి. ఓనరమ్మ మాటలు కడప అబ్బాయి ఒకడు చదివాడు. తెలంగాణ యాస తెచ్చిపెట్టుకోబోయి తికమకపడుతుంటే అందరూ నవ్వారు. చదవడం అయ్యాక, దేవుడు పొరపాటును కూడా మేలుకు వాడుకుంటాడని ఒకరన్నారు. ప్రాణం దక్కింది కదా సిస్టర్ అని ఇంకొకరన్నారు. నేను ఎదురుచూస్తున్నది ఆ మాట కోసమేనేమో, ప్రాణం కాస్త తేలిక పడింది.

మాస్టారు నా కాగితం ఇటూ అటూ తిప్పి చూశారు.

"ఇందులో ఒక మాట తక్కువుండాదేమో చూడమ్మా" అన్నారు. "ఇట్లాంటిది బయటి మనిషికి చెప్పినోళ్ళు, చెప్పినాక ఇంకొక్క మాట అంటారు. ముప్పై ఏళ్ళలో అది అనని మనిషిని నేను చూళ్ళేదు. ఆమె అనలేదా?"

పదహారేళ్ళు ఊళ్ళోవాళ్ళ తప్పులు పట్టిన మనిషిని, నా కాగితంలో నేనే ఒక వరస ఎగరగొట్టాను. మరిచిపోయి కాదు. రాశాను, తర్వాత తీసేశాను. తీసేసినప్పుడు, నివేదిక పొడుగైపోతోందని నాకు నేను చెప్పుకున్నాను. ఇంకెవ్వరికి చెప్పకు అంది మాస్టారూ అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అందరి ముందూ.

ఆయన కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండేది. దేవుడు ఏం చేశాడో ఆయన్నే చెప్పుకోనీ, నీ కాగితంలో నువ్వు చేసింది రాయి అన్నారు. సంఘంలో ఆత్మ బయలుపరచిందని అనుకుంటున్నారని కూడా అప్పుడే చెప్పేశాను. అయితే అది వాళ్ళకు చెప్పాల్సిందే, కానీ ఈసారి మైకు పట్టుకునే ముందు ఆమెను అడుగు, ఆ సంగతి ఆమెది అన్నారు. ఆ చివరి ముక్క నాకు తట్టనే లేదు. తప్పు ఒప్పుకోవడానికి కూడా నేను మైకు వైపే పరిగెత్తేదాన్ని.

తరగతి నుంచి నేరుగా ఖాజాగూడ వెళ్ళాను. ఈసారి తలుపు తీసి ఉంది. ఓనరమ్మ మంచం మీద కూర్చుని దవాఖాన కాగితాలు ఒక సంచిలో సర్దుకుంటోంది. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. నేను చేసింది తప్పని, ఆ మాట మైకులో అనకూడనిదని, క్షమించమని. ఆమె సంచి మూతి ముడి వేసింది.

"దేవునికి చెప్పమన్న. ఊరికి చెప్పమన్ననా?" అంది. "అందరు నువ్వు మంచే చేసినవంటున్రు. డాక్టరమ్మ గూడ గట్లనే అన్నది. అయితదేమో మంచి. గని చెప్పేది నేను గద బిడ్డా. నా బిడ్డకు నా నోటితోని చెప్పుకుందు. దాని చెయ్యి పట్టుకొని చెప్పుకుందు."

పైన మా వాళ్ళు దేవుడు నాకు బయలుపరచాడని అనుకుంటున్నారని, అది అబద్ధమని చెప్పడానికి మళ్ళీ ఆమె మాట ఎత్తాల్సి వస్తుందని, ఆమె వద్దంటే ఎత్తనని అన్నాను.

"ఇప్పుడు అడుగుతున్నవా?" అంది. ఆ కోపంలోనే సన్నగా నవ్వు కూడా వచ్చింది. "చెప్పు పో. దేవుడు చెప్పలే, కింద ముసల్ది చెప్పిందని చెప్పు. నా మాట తీస్కపోయి ఆయన పేరు మీద ఎందుకు రాస్తున్రు?"

మర్నాడు ఆరాధనలో పాస్టరు గారి అనుమతి తీసుకుని లేచాను. దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెబుతానేమోనని అందరూ ముందుకు వంగారు. మూడు వాక్యాలు చెప్పాను. నాకు ఎవరూ ఏమీ బయలుపరచలేదు. ఓనరమ్మ నమ్మి చెప్పారు, ఎవరికీ చెప్పవద్దన్నారు. నేను ఆ మాట తప్పాను. ఎవరూ ఆమెన్ అనలేదు. నా జీవితంలో మైకు ముందు నేను అంత తక్కువసేపు నిలబడింది అప్పుడే. బ్యాంకు పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

పాస్టరు గారు తర్వాత నన్ను పక్కకు పిలిచి, ఇంటావిడతో సరిచేసుకునే సంగతి ఇంటావిడతోనే సరిచేసుకోవాలి గానీ, సంఘం విశ్వాసాన్ని కదిలించకూడదు సిస్టర్ అన్నారు. ఆ ఏడాది నా గురించి సెమినరీకి పంపిన కాగితంలో, పరిణతి రావాలి అని రాశారు. ఆయన మీద నాకు కోపం రాలేదు. మూడేళ్ళుగా ఆ హాల్లో ఏదో ఒక అద్భుతం జరగాలని ఎదురుచూసిన మనిషి. జరిగిందనుకున్నంతలో నేనే లాగేశాను.

ఆపరేషన్ రోజు ఉదయం ఏడింటికి దవాఖాన నుంచి ఓనరమ్మ ఫోన్ చేసింది. కూతురు కదలకూడదన్నారు, రాలేదు. మరిది కొడుకు సంతకాలు చేయడానికి వచ్చి కింద ఉన్నాడు. "జర వస్తవా? మైకు తేకు" అంది. ఆఫీసులో ఆ రోజు కూడా ఏదో రిలీజు ఉంది. రానని మెసేజ్ పెట్టి బయల్దేరాను.

పచ్చ గౌను తొడిగి, చెవి కమ్మలు, ఉంగరం తీసేసి పడుకోబెట్టారు. అలా ఆమె చాలా చిన్నగా కనిపించింది. వాటిని రుమాల్లో కట్టి నా చేతిలో పెట్టింది. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది, ప్రార్థన చేయనా అమ్మా అని అడిగేశాను.

"వద్దు. నేనే చెప్పుకుంట. నువ్వు చెయ్యి పట్టుకొని కూసో."

పట్టుకున్నాను. ఆమె కళ్ళు మూసుకోలేదు, పైకప్పు వైపు చూస్తూ చెప్పుకుంది. ముందు ఎల్లమ్మను పిలిచింది, తర్వాత "నడుమ ఉండేటాయనా" అంది. కూరగాయల బండివాడితో మాట్లాడినట్టే మాట్లాడింది, అదే గొంతు, అదే నిష్ఠూరం. నా పెదాలు రెండుసార్లు కదలబోయాయి, అవును ప్రభువా అనడానికి. పళ్ళు బిగించి కూర్చున్నాను. నలభై ఏళ్ళలో ఒక ప్రార్థనను మొదటి నుంచి చివరి దాకా వినడం నాకు అదే మొదటిసారి.

అయ్యాక నా వైపు తిరిగింది.

"ఇన్నవా?"

విన్నానండి అన్నాను. ఎవరికీ చెప్పనని కూడా అనబోయాను. ఆమె చెయ్యి ఊపి ఆపేసింది. స్ట్రెచర్ వచ్చింది.

ఆపరేషన్ బాగా జరిగింది. తర్వాత మందులు, జుట్టు రాలడం, నీరసం, అన్నీ పడింది. మనవరాలు పుట్టిన వార్త ఆమెకు ఫోన్లో తెలిసింది. నలుగు పెట్టడం, నీళ్ళు పోయడం పటాన్‌చెరులో వాళ్ళ అత్తగారే చేసింది. మూడో నెలలో కూతురు బిడ్డను తీసుకుని వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఓనరమ్మ చేతులకు బలం లేదు. గంగాళంలో నీళ్ళు కలిపి, పక్కన కుర్చీలో కూర్చుని, కూతురు పోస్తుంటే బిడ్డ పాదాలు మాత్రం పట్టుకుంది. ఆ కూతురు ఇప్పటికీ నాతో పొడిపొడిగానే మాట్లాడుతుంది. మాట్లాడాలి కూడా.

ఆ ఏడాది నేను ఆరు వర్బేటిమ్‌లకు ఐదే ఇచ్చాను. ఆరోది ఏదమ్మా అని మాస్టారు అడిగారు. ఒకరిని చూసి వచ్చానని, కానీ అందులో నా వైపు రాయడానికి మాటల్లేవని, ఆమె వైపు మాటలు నేను రాయకూడదని చెప్పాను. ఆయన రిజిస్టరులో ఏదో పెట్టుకుని మూసేశారు. ఏం పెట్టారో అడగలేదు.

పోయిన నెల, ఇదంతా రాయాలనుకుంటున్నానని చెప్పడానికి ఓనరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు అడిగి చేయడం నేర్చుకున్నాను. ఆమె మెట్ల మీద కూర్చుని మనవరాలిని ఆడిస్తోంది. జుట్టు పొట్టిగా, ఒత్తుగా మళ్ళీ వచ్చింది. అంతా రాస్తావా అంది. దవాఖానలో మీరు చెప్పుకున్నది తప్ప అంతా అన్నాను. పేరు పెట్టనన్నాను. రాసుకో అని, బిడ్డను ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంది. పైన హాల్లో పిల్లలు పాటలు సాధన చేస్తున్నారు. మలుపులో ఉన్న స్పీకర్ బాక్సు ముఖం ఇప్పుడు గోడ వైపుంది.

నేను వెళ్ళొస్తానని చెప్పి చెప్పులు వేసుకుంటుంటే ఆమె ఒకసారి పైకి చూసి, లోపల కూతురు ఉన్న గది వైపు చూసి, పక్కకు జరిగి మెట్టు మీద చోటు చేసింది.

"జర కూసో బిడ్డా. నీకొకటి చెప్పాలె."

చెప్పులు విడిచి, ఆమె పక్కన కూర్చున్నాను.